చేయి తిరుగుట

మన భాషలో నొక చక్కని పలుకుబడి కలదు. ఒక పనియందు ఆరితేరినవానిని "చేయి తిరిగినవాడు" అందుము. వడ్రంగమున అతనికి చేయి తిరిగినదనియు, వంటలో ఆమెకు చేయి తిరిగినదనియు చెప్పుకొనునప్పుడు, ఆ నేర్పు పుట్టుకతో వచ్చినది కాదనియు, మరల మరల చేయగా చేయగా చేతికి పట్టుబడినదనియు ఆ మాటలోనే యిమిడియున్నది. నేటి ప్రసంగము, అట్లు ఒకప్పుడు చేయి తిరిగియుండి, వ్యాధివలన ఆ చేతిని పోగొట్టుకొని, పెద్దవయస్సున మొదటినుండి మరల చేయి త్రిప్పుకొనవలసి వచ్చినవారిని గూర్చినది. వారికి చేయు చికిత్సను హస్తపునరావాస చికిత్స యందురు. పేరు పెద్దది గాని, పని పసివానిచేత పలకమీద అక్షరములు దిద్దించుట వంటిది. బడిపంతులుగా నా జీవితమంతయు ఆ పనియందే గడచినది గావున, ఈ వైద్యుల మాటలు నాకు పరాయివిగా తోపలేదు.

ఇందుకు ఉదాహరణముగా నేను కుష్ఠువ్యాధిచే చెడిన చేతులను తీసికొనుచున్నాను. మనదేశమున ఈ చికిత్స పేరు గాంచినది ఆ రోగుల చేతులమీదనే. అదియు మనకు మిక్కిలి చేరువనున్న రాయవేలూరులో. చిత్తూరు జిల్లావారికి ఆ యూరు ఇరుగుపొరుగు వంటిదే గదా.

తిరునాళ్లలోను, గుడిమెట్లయొద్దను కొనలు అరిగి కురుచయైన వ్రేళ్లు చాచి కూర్చున్నవారిని మనలో చూడనివారు లేరు. ఆ చేతులు చూచి పెద్దలు చెప్పుకొను మాటయు మీకు తెలిసినదే: రోగము వ్రేళ్లను తినివేయును, మాంసము కుళ్లి రాలిపోవును అని. ఈ మాట పామరుల మాట మాత్రమే కాదు. వైద్యులలో గూడ ననేకులు చిరకాలము దీనినే నమ్మిరి. ఆ మాంసమునందు రోగమున్నది గావున కత్తి పెట్టినచో గాయము మానదనియు, మానినను వ్యర్థమనియు తలచి, ఆ చేతుల నట్లే విడిచిపెట్టిరి. ఈ నమ్మకము తప్పని తేలిన వృత్తాంతము వినదగినది.

పాల్ బ్రాండ్ అను వైద్యుడు 1914 లో తమిళదేశమందలి కొల్లిమలై కొండలలో మతప్రచారకుల యింట పుట్టెను. బాల్యమున చదువునకై ఇంగ్లండునకు పంపబడెను. తండ్రి 1929 లో ఆ కొండలలోనే జ్వరముచే మరణించెను. బ్రాండ్ మొదట వైద్యము చదువలేదు. ఇండ్లు కట్టు పని నేర్చెను. తాపీపని, వడ్రంగము మొదలగువానిలో కొన్ని సంవత్సరములు పనిచేసిన పిదపనే వైద్యవిద్యకు దిగెను. ఇది చిన్న సంగతి యని త్రోసివేయకుడు. ఉలి పట్టినవానికి చేయి యనగానేమో తెలిసినట్లు పుస్తకము పట్టినవానికి తెలియదు. నేను పుస్తకము పట్టినవాడనే యైనను ఈ మాట చెప్పుచున్నాను. ఆయన 1946 చివర వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు శస్త్రవైద్యుడుగా వచ్చెను. ఆ ఆసుపత్రి ఐడా స్కడ్డర్ అను వైద్యురాలు 1900 లో ఆరంభించినది.

1947 లో ఆయన చెంగల్పట్టునందలి కుష్ఠువైద్యశాలను చూడబోయెను. అక్కడ రాబర్టు కాక్రేను అను చర్మవైద్యుడు పెద్దగా నుండెను. త్రోవలో కనబడిన వంకర చేతులనుగూర్చి బ్రాండు ప్రశ్నింపగా, ఆయన, తాను చర్మము నెరిగినవాడనేగాని ఎముకలు కీళ్లు ఎరిగినవాడను గాననియు, అవి యెరిగిన శస్త్రవైద్యు లెవ్వరును ఈ చేతులవంక చూడనేలేదనియు నిష్ఠురమాడెను. బ్రాండు ఒక రోగిని పిలిచి, ఆ వంకరపోయిన చేతిలో తన చేయి పెట్టి, నీకున్న బలమంతయు పెట్టి పిసుకుమని కోరెను. చచ్చుచేయి గదా, ఏమి పిసుకగలదని తలచెను కాబోలు. ఆ రోగి పిసుకగా వ్రేళ్లగోళ్లు దిగి బాధకు కేక పెట్టవలసి వచ్చెను. ఆ నిమిషముననే ఆయనకు తోచినది: ఈ చేతిలో చచ్చినది కొంత, బ్రతికియున్నది కొంత. బ్రతికియున్నదానిని చచ్చినదాని పనికి పెట్టవచ్చును గదా యని.

ఇక్కడ చేతి కట్టుబడిని కొంచెము చెప్పక తప్పదు. మనవారు చర్మము క్రింద కనబడు ప్రతిదానిని "నరము" అని ఒకే మాటతో చెప్పుదురు. దానివలన చాల తికమక కలుగుచున్నది. మెదడునుండి ఆజ్ఞను, చర్మమునుండి స్పర్శను మోయు తంతువు వేరు. దానిని నాడి యందము. కండను ఎముకకు కట్టు త్రాడు వేరు. దానిని స్నాయు వందము. వ్రేళ్లయందు కండలు లేవు. వానిని మడచు పెద్దకండలు ముంజేతిలో నున్నవి. అక్కడనుండి మణికట్టుమీదుగా స్నాయువులు వ్రేళ్లకొనలదాక పోవుచున్నవి. పిడికిలి బిగించి మణికట్టు చూచుకొన్నచో ఆ త్రాళ్లు కదలుట మీకే కనబడును. ఇవికాక అరచేతిలోనే యిరువది సంఖ్యకు దరిదాపుగా చిన్నకండ లున్నవి. పెద్దకండలు బలమునకు, చిన్నకండలు నేర్పునకు. గడ్డపార పట్టునది మొదటివానివలన. సూదిలో దారమెక్కించునది, అన్నము కలిపి ముద్దచేయునది, గంటము పట్టి వ్రాయునది రెండవవానివలన.

కుష్ఠుక్రిమికి శరీరమందలి చల్లని తావులు ఇష్టము. మోచేతి లోపలిప్రక్క ఎముకకు దేనినైన తగిలించుకొన్నప్పుడు చిటికెనవ్రేలిదాక జివ్వుమని ప్రాకును గదా, అక్కడ ఒక నాడి చర్మమునకు మిక్కిలి దగ్గరగా, చల్లగా నుండును. క్రిమి అక్కడ చేరును. మణికట్టునొద్దనున్న మరియొక నాడియు నట్లే. ఈ రెండును చెడగా అరచేతి చిన్నకండలు చచ్చుపడును. ముంజేతి పెద్దకండలకు పోవు నాడులు లోతుగా, వెచ్చగా నుండుటచే చాలవరకు చెడవు. ఇక చేయి యెట్లగును? పెద్దకండలు తమయిష్టము వచ్చినట్లు లాగును. వానికి ఎదురునిలిచి సరిచూడవలసిన చిన్నకండలు లేవు. వ్రేళ్ల మొదటి కణుపు వెనుకకు వాలి, తక్కిన రెండు కణుపులు ముందుకు మడచుకొని, చేయి గ్రద్దగోరువలె నగును. బలమున్నది, పని లేదు. గ్లాసు పట్టబోయినచో వ్రేళ్లు చుట్టుకొనుటకు బదులు గోళ్లతో నెట్టివేయును.

వంకరకంటె పెద్దకీడు మరియొకటి. ఆ నాడులే స్పర్శను గూడ మోయుచున్నవి గావున, చేతికి నొప్పి తెలియదు. మన చరకాచార్యులును కుష్ఠముయొక్క పూర్వరూపములలో స్పర్శ తెలియకపోవుటను చెప్పియున్నారు. కాని ఆ తెలియకపోవుటయే వ్రేళ్లు పోవుటకు కారణమని వేలూరులో కంటితో చూచిరి. ఒకనాడు బ్రాండు త్రుప్పుపట్టిన తాళము తీయలేక తంటాలు పడుచుండగా, రోగియైన యొక బక్కపలుచని బాలుడు వచ్చి తాళపుచెవి గిఱ్ఱున త్రిప్పివేసెను. ఆ బలమునకు అబ్బురపడి చూచునంతలో నేలమీద నెత్తుటిబొట్టు కనబడెను. తాళపుచెవి ఆ బాలుని వ్రేలిని ఎముకదాక కోసియుండెను. వాని కది తెలియనే తెలియదు. మరియొకప్పుడు కుంపటిలో కాల్చుచున్న దుంప నిప్పులలో పడగా, ఒక ముసలిరోగి వట్టిచేతితో దానిని తీసి యిచ్చెను. చేయి పొక్కినదని యితరులు చెప్పవలసి వచ్చినది. మీకును నాకును అట్టి పని సాధ్యము కాదు. బలము లేక కాదు. నొప్పి మనలను వారించును.

రాత్రి సరిగానుండి తెల్లవారునప్పటికి వ్రేలి కొన లేకుండుట కొందరి విషయమున జరిగెను. రోగము తినివేసెననుటకు ఇంతకంటె సాక్ష్య మేమి కావలయునని యందరు ననుకొనిరి. రాత్రి మేలుకొని కనిపెట్టగా, ఎలుక వచ్చి నిద్రించుచున్న రోగి వ్రేలు కొరుకుచుండెను. అతడు కదలలేదు. నాటినుండి వేలూరులో చికిత్స పొంది యింటికి పోవు ప్రతిరోగియు ఒక పిల్లిని వెంటబెట్టుకొని పోవలయునని నియమము చేసిరి. వైద్యశాస్త్రమున పిల్లి ఒక ఔషధమగుట నేను మరియెక్కడను వినలేదు.

అందువలన తేలిన దేమి? ఆ మాంసము కుళ్లినది కాదు. కాలినప్పుడు, కోసికొన్నప్పుడు మన మాంసమెట్లు మానునో అదియు నట్లే మానును. అయితే మానుటకు విశ్రాంతి కావలయును. నొప్పి తెలియనివాడు పుండుచేతితోనే పార పట్టును. పుండు లోతగును, ఎముక చెడును, వ్రేలు కురుచబారును. ఒకనాడు కాదు, పది పదునైదేండ్లలో.

1948 నుండి బ్రాండు ఆ చేతులకు శస్త్రచికిత్స చేయ మొదలుపెట్టెను. ప్రతివ్రేలిని మడచుటకు ముంజేతిలో రెండేసి స్నాయువు లున్నవి. ఒకటి పోయినను రెండవది పని నడపగలదు. అట్లు ఉంగరపువ్రేలి స్నాయువుల నొకదానిని మెల్లగా ఊడదీసి, నాలుగు పాయలుగా చీల్చి, నాలుగు వ్రేళ్లకును ప్రక్కగా తెచ్చి కుట్టుటయు నొక పద్ధతి. ఆ తరువాత మణికట్టును లేపు కండ నొకదానిని తీసికొని, కాలినుండి తెచ్చిన స్నాయువుతో పొడిగించి పెట్టు పద్ధతియు వచ్చినది. ఈ కత్తిపని గొప్పదే. కాని నేను చెప్పదలచినది దీనిని కాదు. కత్తిపని ఒకటి రెండు గంటలలో ముగియును. దానికి ముందు కొన్ని వారములు, తరువాత కొన్ని వారములు జరుగు పనిని గూర్చి లోకము తలంపదు. చేయి తిరుగుట అక్కడ నున్నది.

ముందు సంగతి. ఏండ్లతరబడి మడచుకొనియున్న వ్రేళ్ల కీళ్లు బిగిసికొనిపోయి యుండును. బిగిసిన కీలుమీద ఎంత మంచి స్నాయువు కట్టినను కదలదు. అందుచే మొదట వానిని మెత్తబరుపవలయును. కరగిన మైనములో చేతిని ముంచితీసి వెచ్చజేయుదురు. చేతికి వేడి తెలియదు గావున ఆ వేడిని చికిత్స చేయువారే ముందు తమ చేతితో పరీక్షింతురు. తరువాత నూనె పూసి వ్రేళ్లను మెల్లగా సాచుదురు. ఇంకను రాని వ్రేలికి గొట్టమువలె చిన్న ప్లాస్టరు కట్టు వేసి, అది యెంతవరకు సాగునో అంతవరకే సాచియుంచి, కొన్నిదినములకు విప్పి, మరికొంచెము సాచి మరల కట్టుదురు. బలిమిని లాగుట నిషిద్ధము. లాగినచో లోపల చీలి, వాచి, మునుపటికంటె బిగియును. మెల్లగా పట్టియుంచినచో చర్మమును కండయు ఆ వైపునకు తామే పెరుగును. తీగెను పందిరిమీదికి పాకించు తోటమాలి దీని నెరుగును. పందిరికి చేరవలెనని తీగెను పట్టిలాగు మూఢుడు లేడు గదా.

ఈ దినములలోనే మరియొక పాఠము చెప్పుదురు. స్థలము మార్చబోవు కండను రోగి విడిగా గుర్తింపవలయును. తక్కిన వ్రేళ్లను సాచిపట్టి, ఉంగరపువ్రేలి నడిమికణుపును మాత్రము మడువుమందురు. మడచునప్పుడు ముంజేతిలో ఎక్కడ బిగియుచున్నదో రెండవచేతితో తాకి చూచుకొమ్మందురు. ఇది శస్త్రచికిత్సకు ముందే బాగుగ వచ్చియుండవలయును. పాఠము రానివానికి కత్తి పెట్టరు.

ఇక తరువాతి సంగతి. కుట్లు గట్టిపడుటకు మూడు వారములు చేతిని ప్లాస్టరు కట్టులో నుంతురు. కట్టు విప్పిననాడు రోగి తన చేతిని చూచుకొని దిగులుపడును. వ్రేళ్లు తిన్నగా నున్నవిగాని, కదలుమన్న కదలవు. ఏలయన, మెదడు ఇంకను పాతయాజ్ఞలనే పంపుచున్నది. ఉంగరపువ్రేలిని మడచుట ఆ కండ పని యని మెదడు చిన్ననాటినుండి యెరుగును. ఇప్పు డా కండ నాలుగు వ్రేళ్లను మొదటికణుపునొద్ద వంచి, తక్కిన కణుపులను తిన్నగా నిలుపవలయును. చిరకాలము కరణీకము చేసినవానిని ఒక్కనాటితో కంచరపనికి పెట్టినట్లు.

అప్పుడు ఫిజియోథెరపిస్టులనబడు వ్యాయామచికిత్సకులు ప్రక్కన కూర్చుందురు. "వ్రేళ్లు వంచుము" అని వారు చెప్పరు. "మునుపు ఉంగరపువ్రేలిని మడచితివి గదా, అదే తలంపు తలంపుము" అందురు. రోగి పాతపనిని తలచును. చేయి క్రొత్తపని చేయును. మొదటినా డది కంటికి కనబడునంత గూడ నుండదు. చికిత్సకుని వ్రేలికి మాత్రము తెలియును. రెండవనాడు కొంచెము. ఒక్కపూటలో ఎక్కువ చేయింపరు. అలసిన కండ తప్పు నేర్చును. కొన్ని నిమిషములు చేసి ఆపి, విశ్రాంతి నిచ్చి, మరల కొన్ని నిమిషములు. తప్పుగా వంచినచో వెంటనే ఆపుదురు. తప్పుదారిని పదిమారులు నడచినచో అదియే దారియగును గనుక. కొన్ని వారములు గడచునప్పటికి పాతతలంపుతో నిమిత్తము లేకయే చేయి కదలును. తరువాత మెత్తని వస్తువులు పట్టుట, చెక్కముక్కలు పేర్చుట, బొత్తాములు పెట్టుకొనుట, కలము పట్టుట, తన ముద్ద తాను కలుపుకొని తినుట.

అక్షరాభ్యాసమునాడు బియ్యములో శిశువు వ్రేలు పట్టి దిద్దించునప్పుడు, ఆ చేయి గురువుదో శిశువుదో తెలియదు. కొన్నాళ్లకు గురువు తన పట్టు సడలించును. పిల్లవాడది గమనింపకయే దిద్దుచు పోవును. వ్యాయామచికిత్సకుని పనియు నంతే. భేదమొక్కటి: పసివాడు వ్రాయనేరనివాడు గావున సిగ్గుపడడు. ఏబదియేండ్ల పెద్దమనిషి తన ముద్ద తాను నోటికందించుకొనలేక పదిమందియెదుట సాధన చేయవలసివచ్చినప్పుడు కలుగు సిగ్గు మాటలలో చెప్పరానిది. కోపమును వచ్చును. చికిత్సకుని యోర్పు అక్కడ పరీక్షకు వచ్చును. మనము వైద్యుని హస్తవాసి యందుముగాని, ఈ చికిత్సలో రోగియొక్క హస్తవాసి గూడ కావలయును.

వేలూరులో మొదట బాగుపడినవారిలో చదువుకొన్నవా డొకడుండెను. పూర్వము వ్యాధివలన పనులన్నియు పోయి బిచ్చమెత్తి బ్రతికెను. అతని చేతులు సరియైనవి. ఊరికి పంపిరి. కొంతకాలమునకు మరలివచ్చి, "మీరు చేసిన యీ చేతులు మంచివి కావు, బిచ్చమునకు పనికిరాని చేతులు" అని చెప్పెను. వంకరచేతిని చూచి జాలితో వేసినవారు బాగైన చేతిని చూచి వేయరైరి. పని యడిగినచో, కుష్ఠువచ్చినవాడని యొక్కడును పని యీయడాయెను. ఉండుటకు గదియైన నెవరు నీయరైరి. శ్రోతలారా, ఈ తప్పు కత్తిదా, చికిత్సదా, ఎవరిదో మీరే యోచింపుడు. ఊరిలో పెద్దమనుషులుగా నలుగురు కూర్చుండు అరుగుమీద మీ మాటకు విలువ యున్నది గావున మీతో నిది చెప్పుచున్నాను.

ఆ మాట విని వైద్యులు ఊరకుండలేదు. 1950 ప్రాంతమున వేలూరు కళాశాలవారి యావరణలోనే పల్లెవలె చిన్నయిండ్లు కట్టి నవజీవననిలయ మను కేంద్రమును పెట్టిరి. చేతులు బాగుచేయుటతో నాపక, వడ్రంగము మొదలగు పనులు నేర్పిరి. బ్రాండుకు చిన్నప్పటి విద్య అక్కడ కలిసివచ్చినది. కొయ్యబొమ్మలు చేయుటలో, గరుకైన పిడిగాని, సన్ననిపిడిగాని లేకుండ పనిముట్లకు నున్ననైన లావుపిడులు తొడిగించెను. సన్ననిపిడి పట్టినచో బలమంతయు ఒక్కచోట పడి చర్మము చిట్లును. లావుపిడికి అరచేయి యంతయు ఆనును. సుత్తి దెబ్బ తగిలినను తెలియనివారితో ఉలిపని చేయించి, ప్రతిదినము చేతులు పరీక్షించుచు, పుండు పడినచో ఏ పనివలన పడినదో వెదకి, ఆ పనిముట్టునే మార్చుచు వచ్చిరి. 1955 లో వేలూరుసమీపమున కరిగిరియందు ప్రత్యేకముగా కుష్ఠుపరిశోధనాలయము స్థాపింపబడెను. అది నేటికిని పనిచేయుచున్నది. బ్రాండు 1966 లో అమెరికాకు పోయి అక్కడను ఈ విద్యనే సాగించి 2003 లో మరణించెను.

మన తెలుగునాటను కుష్ఠుసేవ క్రొత్తది గాదు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 1915 లోనే ఆసుపత్రి నెలకొల్పెను. ఇది చెప్పక పోరాదని చెప్పితిని.

మేరీ వర్గీసు అను మలయాళ వైద్యురాలి కథ వేరొక దినమునకు దాచవలసినంత పెద్దది. వేలూరులో పనిచేయుచుండగా 1954 లో మోటారు ప్రమాదమున వెన్నెముక విరిగి, నడుముక్రింది శరీరము చచ్చుబడెను. చేతులు మాత్రము మిగిలెను. ఆమె చక్రాలకుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. కూర్చుండి చేయదగిన పని గదా యని బ్రాండే యామెను ప్రోత్సహించెను. కాళ్లు లేని వైద్యురాలు తమకు చేతులిచ్చుచుండగా ఆ రోగు లేమనుకొనిరో! తరువాత న్యూయార్కులో పునరావాసవైద్యము నేర్చివచ్చి వేలూరులో ఆ శాఖకు అధిపతి యయ్యెను. అక్కడ పునరావాసకేంద్రము 1966 లో తెరవబడినది. 1972 లో ప్రభుత్వ మామెకు పద్మశ్రీ బిరుదు నిచ్చెను.

శస్త్రముచేతను, అభ్యాసముచేతను కదలిక వచ్చును గాని, చిరకాలము క్రిందట పోయిన స్పర్శ రాదు. ఇది దాచవలసిన సంగతి కాదు. చేయి బాగైనదని సంబరపడి మరల నిప్పులలో పెట్టినచో మొదటికే మోసము. అందుచే చర్మము చేయవలసిన కాపలా కన్ను చేయవలయును. ప్రాతఃకాలమున లేవగానే అరచేతులు చూచుకొను ఆచారము మనలో నున్నది. లక్ష్మీసరస్వతులను దర్శించుటకై చేయు ఆ పనిని, ఈ రోగులు ఉదయమును సాయంకాలమును రెండుపూటలును చేయవలయును: ఎక్కడనైన ఎఱ్ఱనయ్యెనా, పొక్కెనా, ముల్లు దిగెనా, వెచ్చగా నున్నదా యని. వెచ్చదనము తెలియని చేతితో గాక చెంపతోనో, ఇంటివారిచేతనో చూపించుకొనవలయును.

ఇంటిలో చేయదగిన సాధనలు సులభములు. చేతిని చల్లనినీటిలో ఇరువదినిమిషములు నాననిచ్చి, తడి యారకమునుపే కొబ్బరినూనెయో నువ్వులనూనెయో పూసినచో చర్మము పగులదు. ఆ చేతికి చెమట పట్టదు గావున ఎండి పగులుట సహజము. పగిలిన సందు పుండునకు ద్వారము. తొడమీద చేతిని వెల్లకిల పెట్టి, రెండవచేతితో వ్రేళ్లను మెల్లగా సాచి పట్టియుంచుట ఒకటి. మొదటికణుపులను రెండవచేతితో వంచిపట్టి, తక్కిన కణుపులను తమంత తాము సాచుటకు ప్రయత్నించుట మరియొకటి. ఇవి రోజునకు రెండుమూడుమారులు. పొయ్యిమీది గిన్నెలు మసిగుడ్డతోనో పట్టకారుతోనో దింపవలయును. కాఫీగ్లాసునకు గుడ్డ చుట్టుకొనవలయును. చుట్టబీడీలు కొనదాక కాల్చి వ్రేళ్లు కాల్చుకొన్నవా రెందరో. ఇక చుట్టనే మానినచో మరియు మంచిది. కాని ముసలివారికి చుట్ట మానుమని చెప్పి గెలిచినవానిని నే నింతవరకు చూడలేదు.

ఈ చికిత్సయందలి సూత్రము కుష్ఠునకే చెందినది కాదు. పక్షవాతమున చేయి పడినవారిని లేవదీయునప్పుడు ఆ పడినచేతిని పట్టి లాగుట మన యిండ్లలో వాడుక. అది భుజపుకీలును జార్చి జీవితాంతము నొప్పి తెచ్చును. చంకక్రింద గాక నడుముచుట్టు పట్టి లేపవలయును. పడినచేతిని గుడ్డలో చుట్టి మూలబెట్టక, మొదటివారములలోనే అభ్యాసము మొదలుపెట్టవలయును. మణికట్టు విరిగి కట్టు కట్టించుకొన్నవారు, అది పుత్తూరు కట్టైనను, ఆసుపత్రి కట్టైనను, కట్టుబయట నున్న వ్రేళ్లను మొదటినాటినుండియు కదలించుచు, చేతిని గుండెకు మీదుగా నెత్తి యుంచవలయును. ఎముక అతుకుకొని వ్రేళ్లు బిగిసినవారిని నేనెరుగుదును. కట్టు కట్టినచేతిని కదలింపరాదని ఎవరో హితము చెప్పిరట.

కడపట కుష్ఠువిషయమున మీరు చేయగలిగినది చెప్పెదను. ఈ వ్యాధికి కారణమైన క్రిమిని నార్వే దేశమున హాన్సెన్ అను వైద్యుడు 1873 లో కనుగొనెను. దానిని చంపు మందుల కూటమిని ప్రపంచారోగ్యసంస్థ 1981 నుండి సిఫారసు చేయుచున్నది. ఆరు నెలలుగాని, పండ్రెండు నెలలుగాని వాడవలయును. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా నిత్తురు. మందు మొదలిడిన కొలదికాలములోనే రోగి యితరుల కంటించు స్థితి పోవును. మందు పూర్తిచేసినవాని చేయి వంకరగానున్నను, అతనితో కూడి కుడిచినచో అంటునది యేమియు లేదు. 2005 చివర మనదేశమున ఈ వ్యాధి పదివేలమందికి ఒక్కరికంటె తక్కువకు దిగినదని ప్రభుత్వము ప్రకటించినను, ఇటీవలి సంవత్సరములలో గూడ ఏటేట లక్షకు దరిదాపుగా క్రొత్తవారు కనబడుచునేయున్నారు. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016 లో రద్దయినది. ఈ వ్యాధి విడాకులకు కారణము గాదని 2019 లో చట్టము సవరింపబడినది. చట్టము మారినంత వేగముగా అరుగులు మారవు.

ముఖ్యమైన దొక్కటి. నాడి చెడి, స్పర్శయో బలమో తగ్గ మొదలిడి ఆరునెలలు దాటకమునుపు వైద్యుని కడకు పోయినచో, ప్రెడ్నిసొలోన్ అను మందుతో ఆ నాడి చాలమందికి మరల తేరుకొనును. అప్పుడు కత్తియు నక్కరలేదు. మైనమును నక్కరలేదు. ఆరునెలలు దాటినచో కష్టము. కావున ఇంటిలో నెవరికైన ఒంటిమీద తెల్లబారిన మచ్చయో, ఎఱ్ఱమచ్చయో కనబడినచో, కన్నులు మూసికొమ్మని, ప్రత్తిని పురిపెట్టి దాని కొనతో మచ్చమీద మెల్లగా తాకి, ఎక్కడ తాకితినో వ్రేలితో చూపుమనుడు. చూపలేనిచో ఆశాకార్యకర్తకు చెప్పుడు. మోచేతినొద్ద నొప్పి, చిటికెనవ్రేలు దగ్గరకు రాకుండుట, రెండువ్రేళ్లనడుమ పట్టిన కాగితము లాగినచో జారిపోవుట, బొటనవ్రేలు ఎత్తలేకుండుట, ఇవియు నట్టి గురుతులే. కాగితముతో పరీక్షించునప్పుడు రెండుచేతులను పోల్చి చూడవలయును. ముందు మంచిచేతితో చూచి, తరువాత అనుమానపు చేతితో చూడుడు. భేదము వెంటనే తెలియును.